రీలు వేయని కెమెరా

పోర్టు స్టోర్సులో గుమాస్తాగా పనిచేసే గవర్రాజును పిరికివాడని ఎవరూ అనలేరు. డెబ్భై ఒకటి యుద్ధం రోజుల్లో ఊరంతా దీపాలార్పుకుని, కిటికీలకు నల్లకాగితాలు అంటించుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, ఇతగాడు డాబా మీద తువ్వాలు పరుచుకుని గురక పెట్టాడు. అలాంటి మనిషిని అరచేతిలో పట్టేంత నల్లపెట్టె ఒకటి ఏళ్ళ తరబడి వణికించింది. ఆ పెట్టె ఏ మంత్రగాడిదో కాదు, తన సొంత కెమెరా. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఎవరి భయం వాళ్ళకే బరువు.

ఆ కెమెరా ఓడ దిగి వచ్చింది. హార్బరులో ఆగిన ఏదో విదేశీ ఓడ తాలూకు నావికుడొకడు అమ్మజూపితే, తోలు తొడుగుతో సహా కొనేసి ఇంటికి తెచ్చాడు. బీరువా కొంటానని చెప్పి కెమెరా తెచ్చినందుకు భార్య నాగమణి రెండు రోజులు పులుసు లేకుండానే వంట ముగించింది. గవర్రాజుకు పులుసు గుర్తుంటే కదా. ఆదివారం ఎప్పుడొస్తుందా అన్నదే ధ్యాస.

ఆదివారం రాగానే మద్దిలపాలెం నుంచి తాతబాబు జీపు వచ్చేది. తాతబాబుకు బస్సు డిపో దగ్గర మెకానిక్ షెడ్డు. ఆ జీపు మిలిటరీవాళ్ళ వేలంలో కొన్నది. దానికి హారన్ తప్ప అన్నీ చప్పుడు చేస్తాయని వాడే చెప్పుకునేవాడు. దారిలో జాలరిపేట దగ్గర చలమయ్య ఎక్కేవాడు. చేపల వేటకు వెళ్ళే మనిషి, ఉప్పుగాలికి ఎండిన ఒళ్ళు, ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే నోరు. ముగ్గురూ బావా అంటే బావా అనుకునేవాళ్ళు. రుషికొండ సరుగుడు తోటల మీదుగా, భీమిలి ఎర్రమట్టి దిబ్బల దాకా, ఒక్కోసారి తగరపువలస సంత దాకా పోయేవాళ్ళు. దారిలో మంచి మొహం కనపడితే జీపు ఆగాల్సిందే. కల్లుగీసే తాత, గొర్రెలు తోలుకెళ్ళే మనిషి, సంతలో పొగాకు అమ్మే ముసలమ్మ, అందరినీ చలమయ్యే మాటల్లో పెట్టి కూర్చోబెట్టేవాడు. తన తెల్లపంచె విప్పి, లాగూ మీద నిలబడి, ఆ పంచెను రెండు చేతులా చాచి పట్టుకుని ఎండను వాళ్ళ మొహాల మీదికి తిప్పేవాడు. అందువల్ల ఎన్ని రీళ్ళు అయినా చలమయ్య ఒక్క ఫోటోలోనూ పడలేదు. ఎందుకు తీయించుకోవని అడిగితే, "పెళ్ళవనీ బావా. ఒక్కడినీ ఏటి తీసుకుంటాను, దిక్కులేనోడిలాగ," అనేవాడు.

ఆ మొహాలు కాగితం మీదికెక్కితే ప్రాణంతో ఉన్నట్టే ఉండేవి. అదే కొంప ముంచింది.

స్టోర్సులో పనిచేసే గురునాథరావు తన తండ్రిని తీయమన్నాడు. తీశాడు. నెల తిరక్కముందే పెద్దాయన పోయాడు. ఆ ఫోటోనే పెద్దది చేయించి, దండ వేసి గోడకు తగిలించారు. పెద్దకర్మకు వచ్చినవాళ్ళంతా ఎంత బాగా వచ్చిందో అన్నారు. అది చూసి మరో ఇద్దరు తమ ఇంటి పెద్దల్ని ముస్తాబు చేసి తెచ్చారు. వాళ్ళూ ఏడాదిలోగా గోడకెక్కారు. ఎనభై దాటినవాళ్ళు పోక పడుచువాళ్ళు పోతారా? కాకి వాలింది, తాటిపండు రాలింది. కానీ ఊరి నోటికి మూత ఉండదు. గవర్రాజు ఫోటో తీస్తే దండ కూడా కొనుక్కోవాలని స్టోర్సులో ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. గవర్రాజు కూడా నవ్వాడు కానీ, ఆ నవ్వు గొంతు దిగలేదు.

ఆ తర్వాత పోతమ్మ. జాలరిపేటలో చేపల గంప నెత్తిన పెట్టుకుని, నడుము మీద చెయ్యేసుకుని పకపకా నవ్వుతుండగా తీసిన ఫోటో అది. అతను తీసినవాటిల్లోకల్లా గొప్పది. కాపీ కడిగించి ఇద్దామని తీసుకెళ్తే, ఆ ఇంటి గుమ్మంలో దీపం పెట్టి ఉంది. జ్వరం తగిలి మూడోనాటికి పోయిందట. పోతమ్మ అత్త ఫోటో అందుకుంది, చూసింది, ఒక్క మాట అనలేదు. పక్కన నిలబడ్డ మనవరాలిని చెయ్యి పట్టి లాగి తన చీర వెనక్కి, గవర్రాజు కళ్ళకు కనపడకుండా దాచుకుంది.

తిట్టి ఉంటే మరిచిపోయేవాడు. ఆ దాచుకోవడం అతని గుండెలో ముల్లులా దిగిపోయింది. ఆ నావికుడు అంత మంచి కెమెరా ఎందుకు వదిలించుకున్నాడన్న అనుమానం ఆ రోజే పుట్టింది. అన్నం తింటుంటే గుర్తొచ్చేది, కూతురు వచ్చి ఒళ్ళో కూర్చుంటే గుర్తొచ్చేది. నాగమణి ఎప్పుడైనా అద్దం ముందు నిలబడి, నన్నూ ఒకటి తీయొచ్చుగా అంటే ఒళ్ళు చల్లబడేది.

మరి ఆదివారాలు మానేశాడా అంటే, అదీ లేదు. మానేస్తే కారణం చెప్పాలి. చెబితే తాతబాబు జీపు ఎక్కించుకుని ఊరంతా చాటుతాడు. అందుకని గవర్రాజు ఒక ఉపాయం పన్నాడు. మనుషుల్ని తీయాల్సి వస్తే రీలు వేయడు. ఖాళీ కెమెరా కంటికి ఆనించుకుని, కాస్త కుడికి తిరగమని చెప్పి, టక్కుమని నొక్కేవాడు. ఫోటో ఏదని అడిగితే రీలుకు వెలుతురు తగిలిందనీ, కడిగేవాడు పాడుచేశాడనీ ఏదో ఒకటి చెప్పేవాడు. కొండలకూ తెప్పలకూ దిబ్బలకూ మాత్రం రీలు వేసేవాడు. రాళ్ళకు చావు లేదు కదా. చెయ్యి తిరిగినవాడు చెడ్డపేరు మోసుకుంటూ తిరగడం తేలిక కాదు, అయినా మోశాడు. సొంత పెళ్ళాన్నీ కూతుర్నీ కూడా అలాగే ఉత్తుత్తి ఫోటోలు తీశాడు.

ఇంతలో చలమయ్యకు నూకాలుతో పెళ్ళయింది.

పెళ్ళైన వారానికే ఇద్దరూ ఒడ్డున తెప్ప పక్కన నిలబడ్డారు. చలమయ్యకు కొత్త చొక్కా, నూకాలు జడలో చెయ్యి మందాన కనకాంబరాలు. ఈసారి పంచె తాతబాబు పట్టుకున్నాడు. "బావా, బాగా తియ్యాల. నువ్వు సెడగొట్టినావంటే నీ జీతంతో నాను ఇంకో పెళ్ళి సేసుకుంటాను," అని చలమయ్య అంటే నూకాలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

గవర్రాజు కెమెరా ఎత్తాడు. లోపల రీలు లేదు. ఒక్కసారి వేద్దామా అని పొద్దున ఇంటి దగ్గర చేతిలోకి తీసుకున్నాడు కూడా. పోతమ్మ నవ్వు గుర్తొచ్చి మళ్ళీ పెట్టెలో పడేశాడు. కన్ను మూసుకుని నొక్కాడు.

అప్పట్నుంచీ జీపు ఎక్కిన ప్రతిసారీ అదే ప్రశ్న. "ఒచ్చినాదేటి బావా?"

"రీలు అవనీ బావా. మజ్జిలో తీసి కడిగిత్తే పాడైపోద్ది."

"అవనీ, అవనీ. కంగారేటి," అనేవాడు చలమయ్య. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు గవర్రాజు కెమెరా తొడుగు సర్దుకునేవాడు.

ఆషాఢంలో ఒక పొద్దున సముద్రం చెరువులా పడి ఉంది. తోడు రావాల్సినవాడికి జ్వరమొస్తే చలమయ్య ఒంటరిగా తెప్ప వేసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి నైరుతి గాలి లేచింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేయడం గవర్రాజు స్టోర్సు కిటికీలోంచి చూశాడు. చూస్తుండగానే యారాడ కొండ వానలో కలిసిపోయింది. తడుస్తూ జాలరిపేట చేరేసరికి ఒడ్డంతా ఆడవాళ్ళే. కొన్ని తెప్పలు విరిగి వచ్చాయి, కొన్ని మనుషులతో వచ్చాయి. చలమయ్య తెప్ప రాలేదు.

నూకాలు అలలకు ఎదురుగా నిలబడి ఉంది. ఎవరు పిలిచినా వెనక్కి తిరగలేదు. గవర్రాజు ఆమె పక్కకు వెళ్ళలేక వెనకే ఆగిపోయాడు. కానీ లోపల ఒక మూల, ఎవరికీ చెప్పుకోలేని ధైర్యం ఒకటి ఉంది. నేను తీయలేదు. చలమయ్య మొహం ఈ పెట్టెలో పడలేదు. కాబట్టి వాడికేమీ కాదు. గాలి హోరులో అదే మాట మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. దేవుడికి దండం పెట్టుకోవడం కూడా మరిచిపోయి అదే పట్టుకుని వేలాడాడు.

గాలి తగ్గింది. రోజులు గడిచాయి. అప్పుడొక ఉదయం ఏదో ఆఫీసు మనిషి పేటకు వచ్చాడు. గాలివాటున కొట్టుకుపోయినవాళ్ళు కొందరు ఒరిస్సా ఒడ్డున పడ్డారట. కొందరు శవాలుగా, కొందరు ప్రాణంతో. బరంపురం దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో ఉన్నారట. ప్రాణంతో ఉన్నవాళ్ళలో ఒకడు ఊరూ పేరూ చెప్పే స్థితిలో లేడట.

"రానివాళ్ళ ఫోటోలుంటే ఇవ్వండి. ఇవాళే పంపుతాం, అక్కడ పోల్చి చూస్తారు," అన్నాడు ఆ మనిషి. "శవాల్ని ఎక్కువ రోజులు ఉంచరు మరి."

పేటలో ఫోటోలు ఎవరికున్నాయి? అందరూ మొహాలు చూసుకున్నారు. నూకాలు ఒక్కతే ముందుకొచ్చింది. అన్ని రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలో కాస్త వెలుగు కనిపించింది.

"మా మావకి ఫోటో ఉన్నాది బాబూ. మా అన్న తీసినాడు. అడుగో."

అందరూ గవర్రాజు వైపు తిరిగారు. తాతబాబు కూడా, "తేరా బావా, ఏటి సూత్తన్నావు, బేగి తే," అన్నాడు. గవర్రాజుకు పైప్రాణాలు పైనే పోయాయి. వెలుతురు తగిలిందని చెప్పొచ్చు. కడిగేవాడు పాడుచేశాడని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చిన ఆ మాటలు నూకాలు కళ్ళు చూశాక పెగల్లేదు.

"నూకాలమ్మా, అందులో రీలు నేదు."

"రీలంటే ఏటన్నా?"

"ఫోటో పడేది దాని మీదే. అది ఎయ్యకండానే నొక్కినాను."

"ఎందుకలాగ?"

"నాను తీసినోళ్ళు పోతన్నారు కదా... తీత్తే మా బావకేటవుతాదోనని బయమేసింది."

గుంపులో ఎవరో దగ్గారు. నూకాలు ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"తియ్యకపోతే ఏటీ అవదని నీకెవులు సెప్పినారన్నా?"

గవర్రాజు పట్టుకుని వేలాడుతున్న ధైర్యం అక్కడితో తెగిపోయింది. ఇప్పుడు చలమయ్య ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఫోటో ఉండి ఉంటే ఈపాటికి ఆ ఆసుపత్రికి బయల్దేరి ఉండేది.

"జీపు తియ్యి తాతబాబన్నా," అంది నూకాలు. మళ్ళీ గవర్రాజు వైపు తిరిగింది. "నువ్వు రీలు కొని అందులో ఎయ్యి. మావ ఎలాగున్నా సరే తియ్యాల. నాకు మొగం గావాల."

ఎలాగున్నా సరే అన్న మాట విన్నాక గవర్రాజుకు తడి ఇసకలో నిలబడ్డ కాళ్ళ దగ్గర్నుంచి చలి మొదలైంది.

రీలు కొని, జీపు సిద్ధం చేసుకునేసరికి పొద్దుపోయింది, మర్నాడు తెల్లవారగానే బయల్దేరారు. తగరపువలసలో ఎప్పుడూ టీకి ఆగే కొట్టు వచ్చింది, పోయింది. జీపు ఎక్కితే ఆగకుండా వాగే తాతబాబు నోరు మెదపలేదు. నాగావళి దాటారు, వంశధార దాటారు. వెనక సీట్లో నూకాలు ఎదురుగా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. రీలు వేసిన కెమెరా గవర్రాజు ఒళ్ళో ఉంది. ఎన్నో ఆదివారాలు అదే సీట్లో అదే కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు, అంత బరువు ఎప్పుడూ అనిపించలేదు. చలమయ్య మొహం గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. పంచె పట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి, నవ్వు వినపడింది, మొహం మాత్రం రాలేదు. ఆ రోజు నొక్కేటప్పుడు కన్ను మూసుకున్నాడు మరి. పలాస దాటాక అతనికి ఒక్కటే కోరిక మిగిలింది. జీపు చెడిపోవాలి, ఈ దారి పూర్తి కాకూడదు. తాతబాబు జీపు ఆ ఒక్క రోజూ చెడిపోలేదు.

ఆసుపత్రిలో కాంపౌండరు తెలుగు మనిషే. ముందుగా వెనకనున్న శవాల షెడ్డు చూసెయ్యండి, అన్నాడు. నూకాలును బయట చెట్టు కింద కూర్చోబెట్టి గవర్రాజు, తాతబాబు లోపలికి వెళ్ళారు. దుప్పట్లు కప్పిన మనుషులు వరసగా ఉన్నారు. కాంపౌండరు ఒక్కో దుప్పటి తీస్తుంటే గవర్రాజు చూడాల్సి వచ్చింది. కళ్ళు మూసుకోవడానికి వీల్లేదు. మొదటివాడు కాదు. తర్వాతివాడు కాదు. చివరి దుప్పటి దగ్గర తాతబాబు అతని భుజం పట్టుకున్నాడు. ఆ పట్టుకు ఎముక నొప్పెట్టింది. ఆ మనిషికి నెరిసిన గడ్డం ఉంది. చలమయ్య కాదు.

ఇక మిగిలింది వార్డు. మూల మంచం మీద ఉన్న మనిషిని చూసి ఇద్దరూ ఇవతలే ఆగిపోయారు. వాచిపోయిన మొహం, పగిలి నల్లబడ్డ పెదాలు, ఉప్పునీటికి ఒళ్ళంతా పుళ్ళు. తాతబాబు తల అడ్డంగా ఊపాడు. గవర్రాజు ఎంత చూసినా పోల్చుకోలేకపోయాడు.

ఈలోగా నూకాలు లోపలికి వచ్చేసింది. ఆమె ఆ మనిషి మొహం వైపు చూడలేదు. మంచం చివరికి వెళ్ళి దుప్పటి ఎత్తి కాళ్ళు చూసింది. తెప్ప దుంగల మీద నిలబడీ నిలబడీ విడిపోయిన ఆ వేళ్ళను చేత్తో ఒకసారి తడిమింది. అక్కడే నేల మీద కూలబడి, ఆ పాదాలకు తల ఆనించింది.

"మావా."

ఆ మనిషి కళ్ళు తెరిచాడు.

తడిగుడ్డతో పెదాలు తుడిచాక, కాసిని నీళ్ళు దిగాక, చలమయ్య చూపు మెల్లగా తిరిగి గవర్రాజు మీద ఆగింది. మాట పూర్తిగా రావడానికి చాలాసేపు పట్టింది.

"బావా... ఫోటో కడిగించినావేటి?"

గవర్రాజు కెమెరా తొడుగు సర్దుకున్నాడు.

"తెప్పకి నన్ను నానే కట్టీసుకున్నాను. ఇంక పోనాననుకున్నాను. పోతే పోనాను, నూకాలి కాడ నా మొగం ఉంటాది గదా, బావ తీసినాడు గదా... అదొక్కటే దైర్నం."

తాతబాబు బయటికి వెళ్ళిపోయాడు. గవర్రాజు మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. సముద్రం మధ్యలో ఒక మనిషి తన అబద్ధాన్ని పట్టుకుని అన్ని రోజులు బతికాడు. అంతకంటే సిగ్గు మరొకటి ఉంటుందని అతనికి అనిపించలేదు. నిజం చెప్పేస్తుందేమోనని నూకాలు వైపు చూశాడు.

"అది సరిగ్గా రానేదంట మావా," అంది నూకాలు. "మళ్ళీ తీత్తాడు. ఇప్పుడే తీత్తాడు."

గవర్రాజు ఉలిక్కిపడ్డాడు. కెమెరాలో ఈసారి రీలు ఉంది. ఎదురుగా ఊపిరి పీలుస్తున్న మనిషి ఉన్నాడు. పోతమ్మ గుమ్మంలో దీపం, చీర వెనక దాక్కున్న ఆ పిల్ల కళ్ళ ముందు మెదిలాయి. గండం గడిచి ఒడ్డున పడ్డవాడిని తన చేత్తో మళ్ళీ తోసేస్తానా అనుకున్నాడు.

"ఇప్పుడొద్దమ్మా. కోలుకోనీ, ఇంటికెల్లాక తీత్తాను."

నూకాలు మొగుడి తలగడ పక్కకు వచ్చి కూర్చుంది. చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"సచ్చినోడిని తియ్యడానికి తెచ్చినావు గదన్నా. బతికినోడిని తియ్యి."

ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. గవర్రాజు కెమెరా ఎత్తాడు. కన్ను మూయలేదు. చేతులు ఆపుకుందామన్నా ఆగలేదు, అలాగే నొక్కాడు.

విశాఖపట్నం వచ్చాక కూడా నెల రోజులు ఆ రీలు కడిగించలేదు. కడిగిస్తే ఏమవుతుందోనన్న భయం. నూకాలే స్వయంగా స్టూడియోకు పట్టుకుపోయింది. అది గవర్రాజు జీవితంలో తీసిన అతి చెత్త ఫోటో. చెయ్యి వణికినందుకు అంచులన్నీ అలికినట్టుంటాయి. చలమయ్య మొహం సగం వాపు, నూకాలు కళ్ళు కెమెరాలోకి కాకుండా దాని వెనక ఉన్న మనిషిలోకి చూస్తుంటాయి. జాలరిపేట ఇంట్లో దాన్ని అద్దం కట్టించి గుమ్మానికెదురుగా గోడకు తగిలించారు.

తర్వాత గవర్రాజు నాగమణినీ కూతుర్నీ కూడా తీశాడు, రీలు వేసే. తీసిన ప్రతిసారీ వాళ్ళకు చిన్న దగ్గు వచ్చినా డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడు. ఏళ్ళు గడిచాయి. ఎనభైల్లో స్టీలుప్లాంటు పొగగొట్టాలు లేచాయి, తాతబాబు షెడ్డు పెద్దదైంది, వేలం జీపు ఇనుప సామాన్లవాడికి పోయింది. చలమయ్య ఎప్పటిలాగే వేటకు పోతూనే ఉన్నాడు. భయం ఒక్కటే గవర్రాజును వదిలిపోలేదు. ఒకసారి గుండెలో ఇల్లు కట్టుకున్నది అంత తేలిగ్గా ఖాళీ చేస్తుందా.

జాలరిపేట ఇంటికి వెళ్ళినప్పుడల్లా అతను గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు. మనిషిని పలకరించకముందే చూపు గోడ మీది ఫోటో మీదికి పోయేది. లోపల ఎక్కడో వల బాగుచేసుకుంటున్న చలమయ్యకు ఆ ఆగడం తెలుసు.

"దండ నేదులే బావా. లోపలికి రా," అనేవాడు.

అప్పుడు గానీ గవర్రాజు చెప్పులు విప్పేవాడు కాదు.